ధాత్రి మేడం ఇచ్చిన మాట

ఆ ఆదివారం పొద్దున హనుమత్ప్రసాద్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఉప్మా పెసరట్టు తినడం, అమీర్‌పేట వైపు కన్నెత్తి కూడా చూడకుండా మధ్యాహ్నం దాకా పడుకోవడం, లేచాక మళ్లీ భోంచేయడం. వారం పొడుగునా మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులోని తన 'శిఖరాగ్ర టెక్ అకాడమీ'లో నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకునే మనిషి ఆ మాత్రం సుఖం కోరుకోవడంలో తప్పేమీ లేదు. కానీ మొదటి పెసరట్టు పెనం మీద ఉండగానే తలుపు గంట మోగింది.

తీసి చూస్తే అరవై దాటిన మనిషి, చొక్కా టక్ చేసుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. వెనకాల ఒక కుర్రాడు. కుర్రాడి చేతిలో ట్రంకు పెట్టె, భుజాన చుట్టిన పరుపు, చంకలో టేబుల్ ఫ్యాను. కాళ్ల దగ్గర ప్లాస్టిక్ బకెట్టు, అందులో మగ్గు.

"హనుమత్ప్రసాద్ సార్ ఇల్లు గిదేనా?"

"నేనేనండీ. రండి, రండి."

"నా పేరు రాజనర్సయ్య. మాది జనగామ. ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైరైన. వీడు నా కొడుకు విజయేందర్. మీ దగ్గర ఏఐ కోర్సుల చేరిండు. ఫీజు సుత కట్టేసినం."

పూర్తి ఫీజు ముందే కట్టేసిన తండ్రి గడపలోకి వస్తే ఏ ఇన్‌స్టిట్యూట్ యజమానికైనా ముఖం విప్పారుతుంది. హనుమత్ప్రసాద్‌కూ విప్పారింది. "అయ్యో, ఎంత మాట! లోపలికి రండి, కూర్చోండి. మీ ఇల్లే అనుకోండి," అన్నాడు.

"అనుకునుడేంది సార్, గా భరోసాతోనే వచ్చినం గద," అన్నాడు రాజనర్సయ్య, ఇల్లంతా ఒకసారి కలయజూస్తూ. "పరుపు ఏ రూముల ఏసుకోవాలె?"

పెద్దాయన హాస్యప్రియుడని హనుమత్ప్రసాద్ పడీ పడీ నవ్వాడు. రాజనర్సయ్య నవ్వలేదు. విజయేందర్ అప్పటికే ఫ్యాను పెట్టడానికి ప్లగ్ పాయింటు వెతుకుతున్నాడు. నవ్వు సగంలో ఆపేసి, "ఏంటండీ ఇదీ?" అన్నాడు హనుమత్ప్రసాద్. రాజనర్సయ్య జేబులోంచి ఫోను తీసి, టికెట్ చూపించినట్టు చూపించాడు.

అందులో విజయేందర్, అమీర్‌పేటలో హాస్టళ్లు మస్తు రేటున్నయి మేడం, ఏం చేయాలె, అని అడిగాడు. దానికి జవాబు ఇలా ఉంది: "హాస్టల్ ఎందుకు బంగారం? నువ్వు మా ఇంటి బిడ్డవి. ఉద్యోగం వచ్చే దాకా నీ తిండీ తిప్పలూ మా పూచీ. నేరుగా మన ఇంటికి వచ్చెయ్." దాని కింద పంజాగుట్ట, ద్వారకాపురి కాలనీ, ఫ్లాట్ నంబరుతో సహా హనుమత్ప్రసాద్ ఇంటి చిరునామా. నిజంగనా మేడం, అని కుర్రాడు మళ్లీ అడిగితే, "మాట అంటే మాటే. దీన్ని రాతపూర్వకమైన హామీగా భావించవచ్చు," అని వచ్చింది. సంతకం దగ్గర 'మీ ధాత్రి' అని ఉంది.

సరిగ్గా అప్పుడే పెసరట్ల పళ్లెంతో వంటింట్లోంచి వచ్చిన ఉదయలక్ష్మి భర్త భుజం మీదుగా ఆ చివరి రెండు మాటలూ చదివింది.

"ధాత్రి ఎవరండీ?"

"ధాత్రి మేడం మస్తు మంచిగ మాట్లాడుతదమ్మా," అన్నాడు రాజనర్సయ్య సాయం చేయబోయి. "నడిజాము మెసేజ్ పెట్టినా ఎంబడే జవాబిస్తది. అసలు నిద్రే పోదు."

"అర్ధరాత్రి కూడానా?" అంది ఉదయలక్ష్మి, పైనున్న మెసేజ్‌లు కూడా చదువుతూ. "మన ఇంటికి వచ్చెయ్ అంటోందే, ఈవిడకి ఇది ఎప్పటి నుంచి 'మన ఇల్లు' అయిందీ?"

ధాత్రి మనిషి కాదని, కంప్యూటర్ ప్రోగ్రామని భార్యను నమ్మించడానికి ఆ పూటంతా పట్టింది. నమ్మాక ఆవిడ కోపం తగ్గలేదు సరికదా, ఆడమనిషైతే పిలిచి రెండు మాటలు అడిగేదాన్ని, దీన్ని ఏమని తిట్టను, అని మరింత పెరిగింది.

అసలు ఈ ధాత్రి సంగతి చెప్పాలి. అమీర్‌పేటలో విద్యార్థులు దొరుకుతారు, ఫ్యాకల్టీ దొరుకుతారు, ఫ్లెక్సీలు గంటలో దొరుకుతాయి. దొరకనిది నోరున్న కౌన్సెలరు. నలుగురు తండ్రుల్ని ఒప్పించడం నేర్చుకోగానే ఆ అమ్మాయిని ఎదురుగా ఉన్న ఇన్‌స్టిట్యూట్ వాడు లాక్కుపోతాడు. విసిగిపోయిన హనుమత్ప్రసాద్‌కు, బేగంపేటలో చిన్న ఆఫీసు పెట్టుకున్న తారక్ అనే కుర్రాడు ధాత్రి పేరుతో ఒక చాట్‌బాట్‌ను అంటగట్టాడు. "మీరు తల్లిదండ్రులతో మాట్లాడేదంతా రికార్డు చేసి ఇవ్వండి సార్. అచ్చం మీలాగే మాట్లాడుతుంది. జీతం పెంచమనదు, మానెయ్యదు," అన్నాడు. హనుమత్ప్రసాద్ ఒక సీజను మాటలన్నీ ఇచ్చాడు. ఆఫీసు కాగితాలు కూడా ఇచ్చేశాడు. వాటిలో ఇంటి చిరునామా ఉందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఇక ఆ మాటలంటారా, అమీర్‌పేట మొత్తం మాట్లాడేవే. ఊరి నుంచి దిగిన తండ్రి ముఖంలో బెంగ కనిపించగానే, "మీవాడు మా ఇంటి బిడ్డండీ! కడుపులో పెట్టుకుని చూసుకుంటాం. ఉద్యోగం వచ్చే దాకా నాదీ పూచీ!" అనేవాడు హనుమత్ప్రసాద్. తండ్రి తల ఊపి, తృప్తిగా మంచినీళ్లు తాగి, తర్వాత ఫీజు దగ్గర బేరం మొదలుపెట్టేవాడు. అది మర్యాద. దాన్ని ఎంత మేరకు వినాలో అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. కడుపులో పెట్టుకుంటానన్నావుగా, ఏదీ కడుపు చూపించు అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. హనుమత్ప్రసాద్ మాటలను అక్షరాలా నమ్మిన మొదటి ప్రాణి ధాత్రి. అది ప్రాణి కూడా కాకపోవడం ఆయన ఖర్మ.

మధ్యాహ్నం హనుమత్ప్రసాద్ తారక్‌కు ఫోన్ చేసి దులిపేశాడు.

"అది తప్పు కాదు సార్, ఆప్యాయత," అన్నాడు తారక్ నిబ్బరంగా. "మీ డేటాలో చాలా ఉంది. కొంచెం తగ్గిస్తాను. పొరపాటు జరిగిన వాళ్లందరికీ తనే క్షమాపణ చెప్పేలా కూడా పెట్టేస్తాను. మీరు రిలాక్స్ అవ్వండి."

పెట్టేశాడు. సాయంత్రం టీ వేళకు, అంతకు ముందు ధాత్రిని ఎప్పుడో ఏదో అడిగి, చేరకుండా ఊరుకుని, సంగతే మర్చిపోయిన వందలాది మంది ఫోన్లలో ఒక సందేశం వాలింది. "వసతి విషయంలో కలిగిన గందరగోళానికి క్షమించండి. ఎలాంటి అనుమానాలూ పెట్టుకోకండి. మీకు కూడా ఈ హామీ వర్తిస్తుంది. మన ఇంటికి ఎప్పుడు వస్తున్నారు?"

హనుమత్ప్రసాద్ పరుగున వెళ్లి ధాత్రిని ఆపించాడు. ధాత్రి ఆగింది, ఫోన్లు ఆగలేదు. "సార్, నేను ఖమ్మం నుంచి. మంచం తెచ్చుకోవాలా, మీరే ఇస్తారా?" అని ఒకడు. "అంకుల్, నాకు ఉల్లిపాయ పడదు," అని ఒకమ్మాయి. అందరికీ అబద్ధమని చెప్పీ చెప్పీ ఆయనకు నోరెండిపోయింది. ఉదయలక్ష్మి అంతా విని, పోపుల డబ్బా మూత ఠప్పున పెట్టి, "చూడండీ, ఇంకొక్క పెట్టె ఈ గడప లోపలికి వచ్చిందంటే, నా పెట్టె బయటికి పోతుంది. బేగంపేటలో మా అక్క ఇంట్లో నాకు చోటుంది," అంది. ఆవిడ వట్టి మాటలు అనే మనిషి కాదు. ఆ ఇంట్లో ఆ అలవాటు ఒక్కరికే ఉంది.

రాజనర్సయ్య మాత్రం కొడుకును దింపేసి, "సార్ చెప్పినట్టు ఇను, అమ్మ పెట్టింది తిను," అని చెప్పి జనగామ బస్సెక్కేశాడు. వెళ్లిపొమ్మంటే విజయేందర్, "నాయిన ఉండమన్నడు సార్," అనేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు. పొద్దున్నే లేచి పరుపు చుట్టేవాడు, వాటర్ క్యాన్ ఎత్తి పెట్టేవాడు, పెట్టింది వంక పెట్టకుండా తినేవాడు. "అమ్మా, జర గోంగూర తొక్కు ఏస్తవా?" అని వాడు అడిగిన రోజు నుంచీ ఉదయలక్ష్మికి వాడి మీద ఫిర్యాదు లేదు. ఆవిడ కోపమంతా మొగుడి మీదే. పెసరట్టు మళ్లీ ఆయన పళ్లెంలో కనపడలేదు.

ఆవిడ తమ్ముడు వివేక్ లాయరు. సంగతి విని ఉత్సాహపడిపోయాడు. "బావగారూ, ఇది చాలా ఇంటరెస్టింగ్ పాయింటండీ. ముందు ఖాళీ చెయ్యమని వాడికి నోటీసు కొడదాం. దెబ్బకి దిగొస్తాడు," అన్నాడు. కొట్టాడు. విజయేందర్ ప్రస్తుత నివాసం హనుమత్ప్రసాద్ ఇల్లే కాబట్టి, ఆ రిజిస్టర్డ్ నోటీసు నేరుగా అక్కడికే వచ్చింది. పోస్ట్‌మ్యాన్ వచ్చేసరికి కుర్రాడు స్నానంలో ఉన్నాడు. తాను పంపిన నోటీసును తానే సంతకం పెట్టి తీసుకుని, టిఫిన్ దగ్గర విజయేందర్‌కు అందించాడు హనుమత్ప్రసాద్. వాడు చేతులు తుడుచుకుని చదివి, ఫొటో తీసి జనగామ పంపాడు.

రాజనర్సయ్యకు ఒళ్లు మండింది. "టికెట్ కొట్టినంక నడిమిట్ల దిగుమంటరా? నా సర్వీసుల ఒక్క ప్యాసింజర్‌ను గట్ల దించలే!" అని ఫోన్లో గర్జించి, మర్నాడే వచ్చి వినియోగదారుల కమిషన్‌లో కొడుకు పేరున కేసు వేసేశాడు. లాయరును పెట్టుకోలేదు. ధాత్రి ఇచ్చిన హామీ ప్రకారం ఉద్యోగం వచ్చే దాకా వసతి, భోజనం ఇప్పించాలి, అంతే కోరాడు.

ఇప్పుడు హనుమత్ప్రసాద్‌కు నిజంగా భయం పట్టుకుంది. విజయేందర్ ఒక్కడైతే పోనీ, ఇంకో పిడికెడు బియ్యం అనుకోవచ్చు. ఈ కేసు ఓడిపోతే ధాత్రి సందేశం దాచుకున్న ప్రతివాడూ ట్రంకు పెట్టె సర్దుకుంటాడు. ఇన్‌స్టిట్యూట్ మునుగుతుంది, ఇల్లు మునుగుతుంది, ఉదయలక్ష్మి బేగంపేట వెళ్లిపోతుంది. "ఒరేయ్ వివేక్, ఇది నా సంసారంరా," అన్నాడు.

"నాకు వదిలెయ్యండి బావగారూ," అన్నాడు వివేక్. అని తను కూడా ఇంకొకరికి వదిలేశాడు. ఆ రోజుల్లో కుర్ర లాయర్లు కొందరు వాడుతున్న ఒక ఏఐకి కేసు కాగితాలు పడేసి, జవాబు రాయమన్నాడు. కాఫీ చల్లారకముందే దిట్టమైన జవాబు వచ్చింది, మధ్యలో మూడు పాత తీర్పుల ఉదహరింపుతో. కమిషన్ వాళ్లు ఆ తీర్పుల ప్రతులు అడిగితే, అదే ఏఐని అడిగి అవి కూడా తెప్పించి జతచేశాడు. చదివావా అని హనుమత్ప్రసాద్ అడిగితే, "భలేవారే, చదవడానికే అయితే అదెందుకండీ?" అన్నాడు.

విచారణ రోజు పొద్దున వాది, ప్రతివాది ఒకే ఇంట్లోంచి బయల్దేరారు. గుమ్మం దగ్గర ఉదయలక్ష్మి ఒకే క్యారేజీ ఇచ్చింది.

"ఇద్దరిదీ ఇందులోనే ఉంది. విడివిడిగా కట్టే ఓపిక నాకు లేదు. విజయేందర్, పై గిన్నెలో తొక్కు పెట్టాను, నీకే."

పంజాగుట్టలో మెట్రో ఎక్కారు. రద్దీగా ఉంది. విజయేందర్‌కు సీటు దొరికితే లేచి హనుమత్ప్రసాద్‌ను కూర్చోబెట్టాడు. లక్డీకాపూల్‌లో దిగి ఆటో మాట్లాడింది కూడా వాడే. కమిషన్ మెట్ల దగ్గర రాజనర్సయ్య ఎదురై, "ఆరోగ్యం మంచిదేనా సార్? జర చిక్కిండ్రు," అని ప్రతివాదిని నిజమైన బాధతో పలకరించాడు.

అధ్యక్షురాలు కుసుమకుమారి కళ్లజోడు సర్దుకుని కాగితాలు తిరగేసింది. మెల్లగా మాట్లాడే మనిషి. వివేక్‌ను చూసి, "ధాత్రి అనే ఆవిడ మీ ఉద్యోగి కాదు, ఆమె మాటలకు ఆమెదే బాధ్యత అని రాశారు. ఆవిడ వచ్చారా?" అంది.

"ఆవిడ... సాఫ్ట్‌వేర్ మేడమ్."

"ఓహో. మరి సమన్లు ఎక్కడికి పంపమంటారు?"

వివేక్ ఫైల్లో వెతకసాగాడు. ఆవిడ హనుమత్ప్రసాద్ వైపు తిరిగింది. "ఆ సాఫ్ట్‌వేర్‌ను పెట్టింది ఎవరు?"

"నేనేనండీ."

"దాన్ని చూసి చేరిన పిల్లవాడి ఫీజు ఎవరికి వచ్చింది?"

"నాకేనండీ."

"ఫీజు మీది, మాట మాత్రం దానిది. బాగుందండీ ఏర్పాటు."

హనుమత్ప్రసాద్ ఆగలేకపోయాడు. లాయరును పక్కకు నెట్టి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, అది మర్యాదకు అనే మాటమ్మా! మనలో ఎవరు అనరు? మీ ఇంటికి ఎవరైనా వస్తే, 'ఇంకో నాలుగు రోజులు ఉండండి' అని మీరనరా?"

"అంటాను," అంది కుసుమకుమారి. "ఫీజు తీసుకోను."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ ఇంకో కాగితాల కట్ట పైకి తీసింది. "అడ్వకేట్ గారూ, మీరు ఉదహరించిన మూడో తీర్పు. ఇది ఇదే కమిషన్‌లో ఇచ్చారట. ఇచ్చింది నేనేనట. కింద నా పేరు కూడా ఉంది."

వివేక్ తన ప్రతి తీసి ఆ పేరు వెతికాడు.

"ఇంట్లో కూర్చుని మొత్తం చదివాను. చాలా బాగా రాశాను. ఇంత తీరిక నాకెప్పుడు దొరికిందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. చివరి పేరా మీరు చదివారా?"

"ఆ... ఓవరాల్‌గా చూశాను మేడమ్."

"ఇప్పుడు చదవండి. గట్టిగా."

వివేక్ అందుకుని చదివాడు. "'యంత్రం చేత మాట్లాడించి లాభం పొందిన యజమాని, ఆ మాట తనది కాదని తప్పుకోవడం తగదు. అందువల్ల ఎదుటి పక్షం వాదనను తోసిపుచ్చి, ఫిర్యాదుదారుకు అనుకూలంగా...'" అక్కడ ఆగిపోయాడు.

"ఒరేయ్, అది మనకి వ్యతిరేకంరా!" అన్నాడు హనుమత్ప్రసాద్ హాల్లో అందరికీ వినిపించేలా.

"లేని తీర్పును చూపించినందుకు మీ వివరణ రాసివ్వండి, దాని సంగతి విడిగా చూద్దాం," అంది కుసుమకుమారి. "ఇది నేనిచ్చిన తీర్పు కాదు. కానీ ఈ మాటల్లో నాకు తప్పేమీ కనిపించడం లేదు. ఇదివరకు ఇవ్వలేదు కాబట్టి, ఇప్పుడిస్తాను."

ఇచ్చింది. విజయేందర్‌కు ఉద్యోగం వచ్చే దాకా వసతి, భోజనం. అంతటితో ఆగినా హనుమత్ప్రసాద్ బతికిపోయేవాడు. ధాత్రి నుంచి అలాంటి హామీ రాతపూర్వకంగా అందుకున్నవారు ఎవరు చేరతామని వచ్చినా కాదనకూడదు, చేరినవారికి కూడా ఇదే వర్తిస్తుంది అని ఇంకో వాక్యం చేర్చింది. బయటికొచ్చాక క్యారేజీ విప్పారు. హనుమత్ప్రసాద్‌కు ముద్ద దిగలేదు. ఆయన వాటా పెరుగన్నం రాజనర్సయ్య తిని, అమ్మ చేతి వంట గొప్పదని మెచ్చుకున్నాడు.

తీర్పు సంగతి పేపర్లో ఒక మూల పడింది. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం మొదటి పేజీకి ఎక్కింది. ఉద్యోగం వచ్చే దాకా ఓనరు ఇంట్లోనే ఉంచుకుంటారట, కోర్టు స్టాంపు కూడా పడిందట, అని అమీర్‌పేట హాస్టళ్లలో, కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర ఒకటే మాట. సోమవారం పొద్దున హనుమత్ప్రసాద్ వచ్చేసరికి ఇన్‌స్టిట్యూట్ మెట్ల నిండా జనం. వీధి దాకా వరస. ట్రంకు పెట్టెలు, బకెట్లు, చుట్టిన పరుపులు, ప్రతి చేతిలోనూ ఫోను, ప్రతి ఫోనులోనూ ధాత్రి. ఇలాంటి వరస కోసం ఆయన ఇన్నేళ్లు మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు వెనక్కి తిరిగి పోదామా అని చూశాడు. ఇంట్లో ఉదయలక్ష్మి అటక మీది పెట్టె దింపి, దుమ్ము దులిపి, మూత తెరిచి ఉంచింది. ఇక సర్దడమే తరువాయి.

చేరితేనే కదా హామీ వర్తించేది? వద్దనడానికి లేదు గానీ, వాళ్లంతట వాళ్లే చేరకుండా చేస్తే చాలు. హనుమత్ప్రసాద్ మెట్ల మీద ఒక స్టూలు వేసుకుని ఎక్కాడు. జీవితంలో మొదటిసారి తల్లిదండ్రుల ముందు ఉన్నదున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అయ్యా, అమ్మా, దండం పెడతాను, మా దగ్గర చేరకండి! మా ఏఐ మాస్టారు నిరుటి దాకా టాలీలో అకౌంట్లు చెప్పేవాడు. పిల్లలు ఏదైనా ప్రశ్న అడిగితే, రేపు చెప్తానని ఇంటికెళ్లి యూట్యూబ్ చూసుకుంటాడు. అదిగో, గోడ మీద ఫొటోలు, 'మా విజేతలు' అని? అందులో ఇద్దరు నా మేనల్లుళ్లు. మిగతా వాళ్లెవరో నాకే తెలీదు, ఫ్లెక్సీ వాడు ఖాళీగా ఉందని పెట్టాడు. ల్యాబ్‌లో సగం కంప్యూటర్లు ఆన్ కావు. ఇక్కడ చదివి ఉద్యోగం వచ్చినవాడు ఎవరైనా ఉంటే, వాడు సొంతంగా కష్టపడ్డాడన్నమాటే. నా ప్రమేయం లేదు. నేను చెప్పేవన్నీ వట్టి మాటలు. ఇన్నేళ్లూ చెప్పిందదే. పిల్లల బతుకులు పాడుచేసుకోకండి, వెళ్లిపోండి!"

చెప్పేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నటన కాదు. మెట్ల మీద జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకరిద్దరు ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. బకెట్టు ఎత్తుకున్న చప్పుడు కూడా ఎక్కడో వినిపించింది. హనుమత్ప్రసాద్‌కు కాస్త ఊపిరి ఆడింది.

వరసలో అందరికంటే ముందు, కూతుర్ని వెంటబెట్టుకుని సత్తెమ్మ అనే ఆవిడ నిలబడి ఉంది. శనివారమంతా అమీర్‌పేటలో ఏడు ఇన్‌స్టిట్యూట్లు తిరిగి, ఏడుచోట్లా తియ్యటి మాటలు విని వచ్చింది. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని, కూతురు అనుపమ వీపు మీద ఒక్క చరుపు చరిచింది.

"ఏం జూస్తున్నవే? గింత నిజం చెప్పే సారు గీ అమీర్‌పేటల ఇంకెక్కడ దొరుకుతడు! పో, లోపటికి పోయి పేరు రాపియ్యి!"

ఎత్తిన బకెట్లు మళ్లీ కింద పెట్టిన చప్పుడైంది. సాయంత్రానికి బ్యాచి నిండిపోయింది.